తాళాలు వాళ్ళవి, సైకిలు నాది

నా చేతిసంచీలో ఎప్పుడూ ఒక తాళాల గుత్తి ఉంటుంది. అందులో ఏడు తాళంచెవులు. వీధి తలుపు, పెరటి తలుపు, గేటు, పడగ్గది, బీరువా ఉన్న గది, మోటారు షెడ్డు - ఈ ఆరూ నేను ప్రస్తుతం ఉంటున్న ఇంటివి. ఇంటివాళ్ళు తిరిగొచ్చిన రోజున లెక్కపెట్టి అప్పగించేస్తాను. ఏడోది నా సైకిలుది. ఈ అరవయ్యొకటో ఏట నాది అని చెప్పుకోగలిగిన తాళంచెవి అదొక్కటే.

ఎనిమిదేళ్ళుగా నేను ఇతరుల ఇళ్ళు చూసుకుంటూ బతుకుతున్నాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళేవాళ్ళు, వెళ్ళి వచ్చేదాకా ఇల్లు నాకు అప్పగిస్తారు. నాలుగు నెలలు ఒక ఊరు, ఆరు నెలలు ఇంకో ఊరు. గోదావరికి అటూ ఇటూ ఇప్పటికి పదకొండు ఇళ్ళలో ఉన్నాను. ఖాళీ దొరికితే సైకిలేసుకుని కాలవ గట్ల మీద తిరుగుతాను. "నీకేమే, హాయిగా ఊళ్ళు చుట్టబెడుతున్నావు" అంటారు కొందరు స్నేహితురాళ్ళు. "కొడుకు దగ్గర కూర్చోక ఈ వయసులో ఈ తిప్పలేమిటి" అంటారు మరికొందరు. ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగిలిన సగం చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ముందు నాకు ఇల్లు ఎందుకు లేకుండా పోయిందో చెప్పాలి. నేనేమీ దిక్కులేని కుటుంబంలో పుట్టలేదు. నాన్నకు పొలం ఉంది, పెంకుటిల్లు ఉంది, కొబ్బరితోట ఉంది. 1984లో, ఇరవయ్యో ఏట, నాకు పెళ్ళి చేశారు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు ఆ హక్కు లేదు. పెళ్ళి ఒక్క ఏడాదిన్నర ఆలస్యమై ఉంటే నేను వాటాదారునయ్యేదాన్ని. 1996లో మా ఇంట్లో పంపకాలు జరిగాయి. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళేముందు పెద్దమనుషులంతా మా వసారాలో కూర్చుని కాగితాలు చదువుకుంటుంటే, కాఫీలు కలిపి అందించింది నేనే. తన వంతు ఆస్తిని కూడా నాన్న అన్నయ్యలిద్దరికే వీలునామా రాశారు.

తర్వాత 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం మారింది. పెళ్ళయిన కూతురు, పెళ్ళికాని కూతురు అనే తేడా పోయింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. చాలామంది అక్కచెల్లెళ్ళకు ఇది పెద్ద విజయం. కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను ఆ చట్టం ముట్టుకోలేదు. అంటే మొదటి చట్టానికి నేను తొందరగా పెళ్ళి చేసుకున్న దాన్ని, రెండో చట్టానికి ఆలస్యంగా నిద్ర లేచిన దాన్ని. రెండు చట్టాల మధ్య సందులో పడిపోయిన నా ఈడు ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

అత్తింటి సంగతి వేరేగా ఏమీ లేదు. ఇరవైనాలుగేళ్ళు ప్రైవేటు స్కూళ్ళలో తెలుగు చెప్పాను. జీతం ఇంటద్దెకూ, అబ్బాయి ఫీజులకూ పోయింది. పింఛను లేదు. కొన్న ఒక్క స్థలమూ మా ఆయన పేరునే ఉండేది. ఆయన జబ్బుకు దాన్ని అమ్మేశాం. 2015లో ఆయన పోయాక బెంగుళూరులో అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. వాడు మంచివాడు, కోడలూ మంచిదే. వాళ్ళ మీద ఫిర్యాదు చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఉన్నది ఒక్క పడగ్గది. హాల్లో దివాను నా చోటు. రాత్రి పదకొండింటి దాకా వాళ్ళు ఆఫీసు ఫోన్లు మాట్లాడుకుంటుంటే నేను గోడవైపు తిరిగి నిద్ర నటించేదాన్ని. ఒక మనిషి తనకు నిద్ర వచ్చినప్పుడు దీపం ఆర్పుకోగలగడం ఎంత పెద్ద హక్కో నాకు అక్కడే తెలిసింది.

2017లో మా పెద్దమ్మగారి కూతురు ఫోను చేసింది. వాళ్ళది ఆచంట వైపు ఊరు. కూతురికి పురుడు పొయ్యడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ అమెరికా వెళుతున్నారు. "ఇల్లు ఆరు నెలలు తాళం పెడితే చెదలు పట్టిపోతుందే. నువ్వొచ్చి ఉండకూడదూ?" అంది. వెళ్ళాను. మొదటిరాత్రి ఎనిమిదిన్నరకే దీపం ఆర్పేసి పడుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఒకరి నుంచి ఒకరికి పాకింది. డెల్టా ఊళ్ళలో ఇప్పుడు ఇలాంటి ఇళ్ళు ఎన్నో. గ్రానైటు నేల, రెండంతస్తులు, పైన నీళ్ళ ట్యాంకు, కింద ఇద్దరు ముసలివాళ్ళు. వీసా మీద ఒకసారికి సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి, ఆరు నెలలకు సరిపడా పచ్చళ్ళూ మందులూ సర్దుకుని బయల్దేరతారు. అక్కడ ఆ తల్లి చేసేదేమిటి? మనవల్ని ఆడించడం, వండడం, కూతురో కోడలో ఉద్యోగానికి వెళితే ఇల్లు కనిపెట్టుకుని ఉండడం. ఇక్కడ ఆవిడ ఇంట్లో నేను చేసేదీ అదే. ఇద్దరం తలో దేశంలో, మాది కాని ఇల్లు కాస్తున్నాం. తేడా ఏమిటంటే నేను దానికి డబ్బు అడగడం నేర్చుకున్నాను. ఆవిడ ఎప్పటికీ అడగలేదు.

డబ్బు అడగడం కూడా తేలిగ్గా రాలేదు. మొదటి మూడిళ్ళలో ఒక్క రూపాయి ఇవ్వలేదు. "ఇంట్లో ఉండనిస్తున్నాం కదా, అద్దె అడగడం లేదు కదా" అన్నారు. ఒక ఇంటివాళ్ళ అమ్మాయి వీడియో ఫోనులో "ఆంటీ, విదేశాల్లో దీన్ని హౌస్ సిట్టింగ్ అంటారు తెలుసా! ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ఇలా ఇళ్ళు మారుతూ దేశాలు తిరిగేవాళ్ళున్నారు" అని ఉత్సాహంగా చెప్పింది. సిట్టింగ్ అంటే కూర్చోవడం అని నాకు తెలిసిన ఇంగ్లీషు. ఆ పూట నాకు నవ్వాగలేదు. తెల్లారి లేచి వాకిలి ఊడ్చి ముగ్గెయ్యడం, మోటారు వెయ్యడం, మొక్కలకు నీళ్ళు, కుక్కకు అన్నం, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, కొబ్బరి దింపు తీయించినప్పుడు కాయలు లెక్కపెట్టి రాయడం, వానొస్తే డాబా మీద నీళ్ళు నిలవకుండా తూములు చూడటం, పండక్కి దేవుడి గది కడగడం, ఇంటావిడ ఫోను చేస్తే ఒక్కో కిటికీ ఒక్కో గోడా ఫోనులో చూపించడం. ఇల్లు చూసుకునే మనిషి చెయ్యని పని ఏదైనా ఉంటే అది కూర్చోవడమే.

ఈ "కూర్చోవడం" అనే మాట దగ్గర నాకు నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళు గుర్తొస్తారు. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే ఆ ఆడవాళ్ళను కార్మికులుగా ఎవరూ చూడలేదనీ, ఇంట్లో కూర్చుని తీరుబాటు వేళ ఏదో అల్లుకుంటున్న గృహిణులుగానే లెక్కగట్టారనీ, ఆ లెక్క వల్లే వాళ్ళకు అంత తక్కువ కూలి ఇవ్వడం కుదిరిందనీ ఆవిడ చూపించారు. మనలో చాలామంది ఆ పుస్తకం గురించి సభల్లో వినే ఉంటాం. ఆ ఊళ్ళ మీదుగా ఇప్పుడు నేను సైకిలు తొక్కుతూ పోతుంటాను. అరుగుల మీద తల వంచుకుని అల్లుతున్న చేతులు ఇవాళ్టికీ కనిపిస్తాయి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకు గుర్తింపు రావడం సంతోషమే. చేతులకు ఎప్పుడు వస్తుంది?

2019లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. దాదాపు అయిదు గంటల "కూర్చోవడం" అన్నమాట. నాలుగో ఇంటి నుంచి నేను నెలకు ఇంత అని అడగడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆరువేలు తీసుకుంటున్నాను. అడిగిన మొదటిసారి నా గొంతు వణికింది. నేనేదో స్నేహాన్ని అమ్ముకుంటున్నట్టు అనిపించింది. ఆ సిగ్గు నాది కాదు, నాకు నేర్పించిందని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ఇక సైకిలు సంగతి. పన్నెండో ఏట చిన్నన్నయ్య సైకిలు దొంగతనంగా తీసుకెళ్ళి, సీటు అందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. పెద్దమనిషినయ్యాక దాన్ని ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ నలభయ్యేళ్ళ తర్వాత, ఆ మొదటి ఇంట్లో ఉండగా, పాలకొల్లులో రెండువేల రెండువందలు పెట్టి ఒక పాత లేడీస్ సైకిలు కొన్నాను. షాపు కుర్రాడు నన్నూ సైకిలునీ మార్చి మార్చి చూసి "ఎవరికండీ, మనవరాలికా?" అన్నాడు. నాకే అన్నాను. వాడు ఇంకేమీ అనకుండా "అయితే సీటు కొంచెం దించుతానుండండి మామ్మగారూ" అని పాన తీశాడు. నా జీవితంలో నన్ను ప్రశ్నలడగకుండా పని చేసిపెట్టిన అతి కొద్దిమంది మగవాళ్ళలో ఆ కుర్రాడొకడు.

మొదటివారం రెండుసార్లు పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. చీరలు మానేసి పంజాబీ డ్రెస్సు కుట్టించుకున్నాను. పొద్దున్నే అయిదున్నరకు బయల్దేరి ఎనిమిదింటికి ఇంటికి చేరేదాన్ని. కాలవ గట్టు, లాకులు, వంతెన దిగితే ఇంకో ఊరు. పుట్టి పెరిగిన జిల్లాయే అయినా ఆ ఊళ్ళలో నేను చూసినవి చాలా తక్కువని అప్పుడే తెలిసింది. ఆ ఊళ్ళకు నేను పెళ్ళిళ్ళకు వెళ్ళాను, చావులకు వెళ్ళాను. కారు అద్దంలోంచో బస్సు కిటికీలోంచో చూశాను. ఊరికే వెళ్ళలేదు.

సైకిలు మీద వెళితే ఊరు వేరేగా కనిపిస్తుంది. ఎక్కడ వరిచేలు ఆగిపోయి చేపల చెరువులు మొదలవుతాయో వాసన చెబుతుంది. నాట్ల రోజుల్లో పదిమంది ఆడవాళ్ళు వంగి ఉండే చోట ఇప్పుడు ఒక్క మగమనిషి పడవలో నిలబడి మేత చల్లుతుంటాడు. ఆ పదిమంది ఏమయ్యారని అడిగితే, ఒకళ్ళు రొయ్యల షెడ్డులో తలలు తీస్తున్నారనీ, ఒకళ్ళు గల్ఫు వెళ్ళారనీ, ఒకళ్ళు ఇంట్లోనే ఉన్నారనీ చెబుతారు. పి. గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలవను దాటించే అక్విడక్టు ఉంది. దాని మీద డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. 1909లో పోయిన ఆ మహాతల్లి ఆకలితో వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టి పేరు తెచ్చుకున్నారు. ఒక కట్టడానికి ఆడమనిషి పేరు ఉండటం చూసి ప్రతిసారీ ఆగుతాను. ఆగిన ప్రతిసారీ ఇంకో ఆలోచన కూడా వస్తుంది. మన పేరు వంతెనకెక్కాలంటే జన్మంతా పొయ్యి దగ్గరే గడపాలా?

ఒకరోజు గట్టు మీద చెట్టు కింద చద్దన్నం తింటున్న కూలి ఆడవాళ్ళు నన్ను ఆపారు.

"ఏ పని మీద ఎల్తన్నారండీ?"

"పనేం లేదమ్మా. ఊరికే."

"ఊరికేనా!" అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళలో పెద్దావిడ నవ్వడం ఆపి, "మాకూ ఊరికే ఎల్లాలనే ఉంటాదండీ. ఆ పూట కూలెవరిత్తారు?" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆడది గడప దాటితే కారణం చెప్పాలి. ఆస్పత్రి, గుడి, బడి, సంత, పురుడు, చావు. కారణం లేకుండా తిరిగే హక్కు మగవాడికి పుట్టుకతో వస్తుంది. మీసాలు రాని కుర్రాడు కూడా వంతెన గోడ మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూస్తూ సాయంత్రమంతా గడపగలడు. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైనప్పుడు వచ్చిన ఎగతాళి ఏమిటి? "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అనే కదా! తిరిగితే తప్పేమిటని మనం గట్టిగా అడగలేదు. మనమూ కారణాలే వెతికాం. ఉద్యోగానికి పోతున్నారు, చదువుకు పోతున్నారు, కూలికి పోతున్నారు అని సంజాయిషీ చెప్పుకున్నాం. అవన్నీ నిజమే. కానీ ఊరికే తిరగడం కూడా హక్కే. అయితే ఆ పెద్దావిడ చెప్పింది దానికి రెండో ముక్క. చేతిలో కాస్త డబ్బూ, పూట గడుస్తుందన్న ధైర్యమూ లేకపోతే ఆ హక్కు నాలాంటి వాళ్ళకు మాత్రమే మిగులుతుంది.

తమిళనాడులో పుదుక్కోట జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యత ఉద్యమం ఈ రెండు ముక్కల్నీ కలిపి చూసింది. చదువుతోపాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పడం కూడా ఉద్యమంలో భాగం చేశారు. క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. నీళ్ళు తేవడానికి, సరుకు అమ్ముకోవడానికి, పిల్లల్ని బడిలో దింపడానికి భర్త కోసమో బస్సు కోసమో కాచుకోవాల్సిన పని తప్పింది. సైకిలు వల్ల ఆదాయం కూడా పెరిగిందన్నది ఒక సంగతి. తాము ఒకరి మీద ఆధారపడకుండా వెళ్ళగలమనే నమ్మకం కుదిరిందన్నది దానికంటే పెద్ద సంగతి. అదే రోజుల్లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి వెళ్ళారు. చదువు, కదలిక, తిరుగుబాటు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అందుకే కాబోలు మొదటిదాని దగ్గరే మనల్ని ఆపాలని చూస్తారు.

ఇంతవరకూ చెప్పింది నాకు జరిగింది. ఇప్పుడు నేను చేసింది చెప్పాలి.

నాకు ఇళ్ళు ఎందుకు అప్పగిస్తున్నారు? నమ్మకస్తురాలిననీ, టీచరుగా చేశాననీ నేను మొదట అనుకున్నాను. కానీ ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒక మాటల్లో "మీరేవిట్లండీ?" అని తెలుసుకున్నాకే తాళం ఇచ్చారు. ఒక ఇంట్లో ఇరవయ్యేళ్ళుగా పెరడు ఊడ్చి, గిన్నెలు తోమే ఒకావిడ ఉంది. మాలపల్లి నుంచి వస్తుంది. ఆ ఇంట్లో ఏ పైపు ఎక్కడ కారుతుందో, ఏ చెట్టు కాయలు ఎప్పుడు దించాలో ఆవిడకు తెలిసినంత ఇంటావిడకు కూడా తెలియదు. ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్నది, కష్టపడగలదు, నాకంటే ఆ డబ్బు అవసరం ఎక్కువ. అయినా ఇరవయ్యేళ్ళ చాకిరీకి దొరకని తాళంచెవి రెండు నెలల పరిచయానికి నాకు దొరికింది. ఆవిడ వంటగది గడప దాటి లోపలికి రాదు. రమ్మన్నా రాలేదు. "మీరెల్లిపోతారండీ, నేను ఇక్కడే ఉండాలి కదా" అంది.

ఆ ఇంట్లో ఒక ఇత్తడి బిందె కనపడలేదు. ఇంటావిడ వీడియో ఫోనులో సామాను గది చూపించమని అడిగినప్పుడు బయటపడింది. "అదే తీసుంటుంది. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి చూడు" అంది ఇంటావిడ. నేను ఏమీ మాట్లాడలేదు. ఆవిడ తియ్యదని నాకు తెలుసు. కానీ ఆవిడ కాకపోతే ఇంక మిగిలింది నేనే. రెండు రోజులు నోరు మెదపలేదు. మూడోరోజు పక్కింటావిడ తనే చెప్పింది, ఆ బిందె వాళ్ళింట్లో పెళ్ళికి ఇంటావిడే ఊరెళ్ళేముందు ఇచ్చిందని. ఫోను చేసి చెబితే "అవునవును, మర్చేపోయాను" అని నవ్వేసింది. అంతే.

ఆ సాయంత్రం సైకిలు మీద ఆవిడ ఇంటికి వెళ్ళాను. జరిగిందంతా అప్పటికే ఆవిడకు తెలుసు. ఇలాంటివి తెలియకుండా ఎక్కడ ఉంటాయి? క్షమించమన్నాను. పీట వేసి టీ ఇచ్చింది. "మీరు సెప్పినా ఆళ్ళు ఇంటారాండీ" అంది మొదట. నేను గ్లాసు కింద పెట్టి లేచాక, "అయినా ఒక్క మాట అనుంటే బాగుండునండీ" అంది.

అక్కచెల్లెలి అనుబంధం గురించి నేను ఎన్నో సభల్లో విన్నాను. ఆడవాళ్ళందరం ఒకటేనని చప్పట్లు కొట్టాను. ఇల్లు లేని ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరికి తాళంచెవినీ, ఒకరికి అనుమానాన్నీ పంచిపెట్టేది కులం. ఆ పంపకంలో నేను తాళంచెవి తీసుకుని ఊరుకున్నాను. 1996లో మా వసారాలో జరిగిన పంపకాల గురించి ఫిర్యాదు చేసే ముందు నేను ఈ పంపకం గురించి జవాబు చెప్పుకోవాలి.

అందుకే ఇప్పుడు నేను అడుగుతున్నవి నా ఒక్కదాని కోసం కాదు. ఇల్లు చూసుకోవడం పని. దానికి జీతం, వారానికో సెలవు, జబ్బు చేస్తే మందుల ఖర్చు ఉండాలి. ఇంట్లో ఏమేమి ఉన్నాయో అప్పగించే రోజునే ఇద్దరూ కలిసి జాబితా రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి. పోయిన బిందె కోసం మనుషుల్ని వెతకడం ఆగాలంటే ఆ కాగితం ఉండాలి. గదుల్లో కెమెరాలు ఉండకూడదు. ఒక ఇంట్లో హాల్లో కెమెరా మీద నేను తువ్వాలు కప్పితే పది నిమిషాల్లో అమెరికా నుంచి ఫోనొచ్చింది. నేను పడుకునే చోటును మీరు చూడటం కుదరదని చెప్పాను. పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే గుర్తించింది. ఇంటి పనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ధ్రువీకరించమని అడిగే గొంతుల్లో, నాలాగా "మేం పనివాళ్ళం కాదు, బంధువులం" అనుకునే ఆడవాళ్ళ గొంతు కూడా కలవాలి.

ఇంటి హక్కు సంగతి మరీ ముఖ్యం. 2005 గృహహింస చట్టం భర్తతో కలిసి ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. అది ఉండే హక్కే, ఇల్లు మనదయ్యే హక్కు కాదు. చట్టప్రకారం వాటా ఉన్న కూతుళ్ళు కూడా "అన్నయ్యతో పుట్టిల్లు తెగిపోతుంది" అని సంతకం పెట్టి వదులుకోవడం నేను కళ్ళారా చూస్తున్నాను. వదులుకున్న వాళ్ళలో టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగినులున్నారు. వాళ్ళకు నేను ఒకటే చెబుతాను. పుట్టిల్లు అంటే పండక్కి పెట్టే చీర కాదు. అరవయ్యేళ్ళు వచ్చాక మన ఇష్టానికి దీపం ఆర్పుకునే గది.

వచ్చే నెలలో ఈ ఇంటివాళ్ళు తిరిగొస్తారు. తాళాలు అప్పగించి, సైకిలును పంటు మీద ఎక్కించి, నరసాపురం రేవు నుంచి సఖినేటిపల్లి దాటతాను. అవతల ఊళ్ళో కొత్త ఇల్లు మాట్లాడుకుంటున్నాను. ఈసారి ఒక షరతు పెట్టాను. తాళాలు రెండు జతలు చేయించాలి. ఒకటి నాకు, ఒకటి ఏళ్ళ తరబడి అక్కడ పనిచేస్తున్న మనిషికి. ఇద్దరి జీతమూ ఒకే కాగితం మీద రాయాలి. జాబితా మీద ముగ్గురం సంతకాలు పెట్టాలి. "ఆలోచించి చెబుతాం" అన్నారు. ఇంకా జవాబు రాలేదు. ఆ ఇల్లు పోయినా పోవచ్చు. మొన్నటి దాకా అలా పోగొట్టుకోవడానికి నాకు ధైర్యం ఉండేది కాదు.

ఈలోగా రోజూ సాయంత్రం స్కూలు మైదానంలో ముగ్గురు ఆడవాళ్ళకు సైకిలు నేర్పుతున్నాను. ఒకావిడ ఆశా కార్యకర్త. ఇద్దరు లేసు అల్లుతారు. వాళ్ళు పడుతున్నారు, లేస్తున్నారు. నేర్చుకుని ఎక్కడికి వెళతారని వాళ్ళ ఇంటివాళ్ళు నన్ను అడిగారు. ఊరికే అని చెప్పాను.

ఇది చదువుతున్న మీరు కూడా ఒకసారి లేచి మీ ఇంట్లో తాళాల గుత్తి తియ్యండి. అందులో మీ పేరున ఉన్న తలుపుకు పట్టే తాళంచెవి ఎన్నోదో చూడండి. లేకపోతే, ఎందుకు లేదో ఇవాళే ఇంట్లో అడగండి. ఉంటే, రోజూ మీ గడప బయట ఆగిపోయే మనిషి గుత్తిలో ఏముందో కూడా అడగండి.